సాయిల్ హెల్త్ కార్డు: పట్టాదారు పాస్‌బుక్ పక్కన దాచుకోదగ్గ కాగితమేనా?

పట్టాదారు పాస్‌బుక్కుకి ప్లాస్టిక్ కవరు తొడిగి ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాస్తారు. భూసార కార్డును మాత్రం చూరులో దోపుతారు, లేదంటే పురుగుమందు డబ్బాల పక్కన గూట్లో పడేస్తారు. మొదటిది మన పేరున ఎంత నేల ఉందో చెబుతుంది. ఆ నేలలో ఏం మిగిలిందో చెప్పేది రెండోదే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఈ కార్డును కూడా ఒక వస్తువులాగే పట్టి చూడాలి: ఏం ఇస్తోంది, ఏ అంకెను నమ్మొచ్చు, ఏది పక్కన పెట్టాలి, ఎక్కడ బోల్తా కొడుతుంది. తీర్పు ముందే చెప్పేస్తే, పరీక్ష మంచిదే కానీ దానికి పంపే మట్టి విషయంలోనే సగం పని చెడుతోంది. ఎరువుల సిఫార్సులో భాస్వరం, జింకు సలహాలు పాటించదగ్గవి, నత్రజని సలహా మాత్రం అనుమానంతో చదవాల్సింది.

ఈ కార్డులిచ్చే కేంద్ర పథకం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైంది. మొదటి విడతలోనే పది కోట్లకు పైగా కార్డులు పంచారు. 2022-23 నుంచి ఇది రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో ఒక భాగంగా నడుస్తోంది. కార్డులో పన్నెండు అంశాలుంటాయి: ఉదజని సూచిక (పీహెచ్), లవణ సూచిక (ఈసీ), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. కాల్షియం, మెగ్నీషియం, సోడియం ఇందులో లేవు. నేల ఎంత నీరు పట్టి ఉంచుతుందో, లోపల గట్టి పొర ఉందో లేదో కూడా ఈ కార్డు చెప్పదు. ఉచితంగా వచ్చేదానికి ఇది తక్కువేం కాదు కానీ, దీన్నే నేల పూర్తి ఆరోగ్య నివేదిక అనుకోకూడదు.

అసలు చిక్కు గ్రిడ్‌తో, అంటే ఒక్క నమూనాతో సరిపెట్టే నేల చదరంతో వస్తుంది. మొదటి రెండు విడతల్లో తరి భూమికి రెండున్నర హెక్టార్లకు ఒకటి, మెట్టకు పది హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనా తీశారు. ఆ గ్రిడ్‌లో ఎందరు రైతులుంటే అందరికీ అవే అంకెలు. తెలుగు రాష్ట్రాల్లో సగటు కమతం హెక్టారు దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, మెట్టలో ఇరవై అయిదెకరాల గ్రిడ్‌లో పది మంది రైతుల చేలు పడొచ్చు. ఒకరిది చల్కా, పక్కవారిది నల్లరేగడి, వాలు కింద ఉన్నవారిది ఒండ్రు కొట్టుకొచ్చిన దుబ్బ. మూడింటికీ ఒకే పీహెచ్ రాస్తే ఆ కాగితం ఎవరి చేనుకీ చెందదు. కార్డు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని, దాని మీదున్న అక్షాంశ రేఖాంశాలను ఫోన్ మ్యాప్‌లో కొట్టి చూడటం. చుక్క మన చేలో పడితే సరే. రోడ్డు మీదో, పంచాయతీ ఆఫీసు మీదో పడితే ఆ కార్డును చూరుకే వదిలేయొచ్చు. 2023 నుంచి నమూనా తీసే చోటే యాప్ స్థానాన్ని నమోదు చేస్తోంది కాబట్టి కొత్త కార్డుల్లో ఈ తప్పు తగ్గాలి. అయినా చూసుకోవడానికి రెండు నిమిషాలే పడుతుంది.

లెక్క ఒకసారి చూడండి. హెక్టారులో పై పదిహేను సెంటీమీటర్ల మట్టి సుమారు 22 లక్షల కిలోల బరువు తూగుతుంది. రెండున్నర హెక్టార్లంటే యాభై అయిదు లక్షల కిలోల పైమాట. ల్యాబులో సేంద్రియ కర్బనం కొలవడానికి తీసుకునేది దాదాపు ఒక గ్రాము. ఆ గ్రాము అన్ని లక్షల కిలోల తరఫున సాక్ష్యం చెప్పాలంటే మట్టి తీసిన చెయ్యి నిజాయితీగా ఉండాలి. ల్యాబు యంత్రం ఎంత ఖరీదైనదైనా గట్టు పక్కన గీకిన మట్టిని చేని మట్టిగా మార్చలేదు.

కాబట్టి నమూనా మీరే తీయండి, లేదా తీసేటప్పుడు పక్కనే ఉండండి. పంట కోసి, తర్వాతి పంటకు దుక్కి ఎరువు వేయకముందు తీయాలి. రబీ కోతలయ్యాక ఏప్రిల్‌లో ఇస్తే తొలకరి లోపు ఫలితం చేతికొచ్చే వీలుంటుంది. జూన్‌లో అందరూ ఒకేసారి తెస్తే ల్యాబుల దగ్గర సంచులు గుట్టలు పడతాయి. చేలో రంగు, వాలు, పంట ఎదుగుదల ఎక్కడ మారుతున్నాయో చూసి ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ఒక్కో నమూనా ఇవ్వాలి. ఒక ముక్కలో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది నుంచి పది చోట్ల తీయాలి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప వేసిన చోటు, కాలువ పక్క, నీళ్లు నిలిచే పల్లం, గడ్డి కాల్చిన మచ్చ, ఇవన్నీ వదిలేయాలి. పైనున్న ఆకు, చెత్త తీసేసి పారతో ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల లోతు గుంట తవ్వాలి. లోపలి మట్టి పారేసి, గుంట పక్కగోడ నుంచి పైనుంచి కింది దాకా రెండు సెంటీమీటర్ల మందం పలక చెక్కుకోవాలి. పై నుంచి కింది దాకా ఒకే మందం ఉండటం ముఖ్యం. పైభాగం ఎక్కువొస్తే భాస్వరం, కర్బనం అంకెలు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తాయి. ఎరువు, ఆకుచెత్త పోగయ్యేది పైనే కదా.

అన్ని చోట్లా తీసిన మట్టిని శుభ్రమైన గుడ్డ మీద కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండూ తీసేయాలి. మిగిలినది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయాలి. అరకిలో మిగిలేదాకా ఇదే పని. నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెట్టకూడదు. ఎరువు బస్తాలో వేస్తే మాత్రం ఆ పరీక్ష దండగే. యూరియా సంచి అడుగున అంటుకున్న గుళికలే నత్రజని అంకెను తారుమారు చేస్తాయి. సూక్ష్మపోషకాలు కూడా చూపించాలనుకుంటే తుప్పు పట్టిన పార, జింకు పూత పూసిన బకెట్టు వాడొద్దు. ప్లాస్టిక్ తొట్టి, కర్ర పుల్ల చాలు. గుడ్డసంచి లోపలొకటి, బయటొకటి చీటీ పెట్టి సర్వే నంబరు, పోయిన పంట, రాబోయే పంట, నీటి వసతి రాయాలి. రాబోయే పంట రాయకపోతే కార్డు మీకు సంబంధం లేని పంటకు ఎరువు లెక్క కట్టి ఇస్తుంది. మామిడి, బత్తాయి పెట్టబోయే నేలకు పదిహేను సెంటీమీటర్లు చాలదు. అడుగు లోతు చొప్పున మూడడుగుల దాకా పొరపొరకీ విడి నమూనా కావాలి. ఈ సాధారణ కార్డు దానికోసం తయారైంది కాదు, ల్యాబులో విడిగా అడగాలి.

ఇక అంకెలు. కార్డులో అన్నింటికంటే నమ్మదగ్గవి పీహెచ్, ఈసీ. కొలవడం తేలిక, తప్పు జరిగే వీలు తక్కువ. పీహెచ్ ఆరున్నర నుంచి ఏడున్నర దాకా తటస్థం. ఎనిమిదిన్నర దాటితే కారుచౌడు (సోడియం పట్టిన క్షార నేల) అనుమానించాలి. ఈసీ నాలుగు దాటి, పీహెచ్ ఎనిమిదిన్నర లోపుంటే అది పాలచౌడు (ఉప్పు పేరుకున్న నేల). ఎక్కువమంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు: చౌడు అనగానే జిప్సం కొంటారు. పాలచౌడుకు జిప్సం పనికిరాదు. మడి కట్టి మంచినీళ్లు పెట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలువలోకి వదలాలి. మురుగు పోయే దారి లేకపోతే ఎన్ని తడులిచ్చినా ఉప్పు మళ్లీ పైకొస్తుంది. జిప్సం కావాల్సింది కారుచౌడుకు. ఎకరాకు ఎన్ని టన్నులో ఈ కార్డు చెప్పదు, 'జిప్సం అవసరం' అనే పరీక్షను ల్యాబులో ప్రత్యేకంగా అడిగి చేయించుకోవాలి. బోరు నీటిని కూడా పరీక్షకు ఇవ్వండి. చౌడు నేల నుంచే కాదు, నీటి నుంచి కూడా వస్తుంది.

సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మన మెట్ట నేలల్లో అర శాతం దాటించడమే కష్టం. వేడికి, పదే పదే దున్నడానికి కర్బనం త్వరగా ఖర్చయిపోతుంది. 'కిందటి కార్డులో 0.42, ఈసారి 0.55, పెంట వేసినందుకు ఫలితం' అని సంబరపడేవారికి ఒక లెక్క. ఎకరా పైమట్టి తొమ్మిది లక్షల కిలోలు. అందులో 0.1 శాతం కర్బనం పెరగాలంటే 900 కిలోల కర్బనం నేలలో నిలవాలి. ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు వేసినా, అందులో నీరు పోను, ఏడాదిలో కుళ్లి గాలిలో కలిసేది పోను, నిలిచేది అందులో చిన్న వాటానే. రెండేళ్లలో అంత తేడా కనిపిస్తే మెరుగుపడింది నేల కాదు, నమూనా తీసిన చోటు మారింది. కర్బనం పెరుగుదల చూడాలంటే ఒకే చోట, ఒకే నెలలో తీసిన మూడు నాలుగు కార్డుల వరస కావాలి. అందుకే పాత కార్డులు పారేయకూడదు.

నత్రజని కార్డులోకెల్లా బలహీనమైన అంకె. దాన్ని పర్మాంగనేట్ పద్ధతిలో కొలుస్తారు లేదా కర్బనం నుంచి అంచనా కడతారు. ఎలా చేసినా మన నేలల్లో అధికభాగం 'తక్కువ' గడిలోనే పడతాయి. ఎకరాకు 112 కిలోల లోపు తక్కువ, 224 దాటితే ఎక్కువ అని హద్దు. నేలలో నత్రజని వాన పడితే ఒకలా, ఎండితే ఇంకోలా మారుతూ ఉంటుంది. ఏప్రిల్‌లో తీసిన మట్టి ఆగస్టులో వరికి ఏం దొరుకుతుందో చెప్పలేదు.

భాస్వరం, పొటాష్ అంకెలు గట్టివి. కానీ చదవడంలో రెండు గుంటలున్నాయి. కార్డు హెక్టారుకు రాస్తుంది, మనం ఎకరాకు ఆలోచిస్తాం, 2.47తో భాగించాలి. రెండోది, కార్డులో మూలక భాస్వరం రాస్తే, ఎరువు బస్తా మీద పీ2ఓ5 (భాస్వరం ఆక్సైడ్ రూపం) రాసి ఉంటుంది. మొదటిదాన్ని 2.29తో గుణిస్తే రెండోది వస్తుంది. పొటాషియానికి 1.2తో గుణించాలి. కార్డులో భాస్వరం హెక్టారుకు 12 కిలోలు అని ఉందనుకోండి. పీ2ఓ5గా మారిస్తే 27.5, ఎకరాకు 11. ఎకరాకు 10 నుంచి 24 దాకా మధ్యస్థం కాబట్టి ఇది మధ్యస్థమే. మార్చకుండా చదివితే ఎకరాకు అయిదు కిలోలొచ్చి 'చాలా తక్కువ' అనిపిస్తుంది, అక్కర్లేని డీఏపీ బస్తా ఒకటి ఇంటికొస్తుంది.

సిఫార్సు ఎలా పుడుతుందంటే, పోషకం తక్కువుంటే మామూలు మోతాదుకు 30 శాతం పెంచడం, ఎక్కువుంటే 30 శాతం తగ్గించడం. వరికి మామూలు సిఫార్సు ఎకరాకు 48-24-16 (వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ కిలోలు) అనుకుందాం. కార్డులో నత్రజని తక్కువ, భాస్వరం ఎక్కువ, పొటాష్ మధ్యస్థం అని వచ్చింది, ఏళ్లుగా డీఏపీ వేసిన పొలాల్లో తరచూ కనిపించే కలయికే ఇది. కొత్త మోతాదు 62-17-16. భాస్వరం కోసం డీఏపీ 52 కిలోలకు బదులు 36 కిలోలు చాలు. కిలో 27 రూపాయల లెక్కన 420 రూపాయల పైన మిగులు. పొటాష్ కోసం ఎంఓపీ (మ్యూరేట్ ఆఫ్ పొటాష్) 27 కిలోలు, మార్పు లేదు. యూరియా మాత్రం 84 కిలోల నుంచి 121 కిలోలకు ఎక్కింది! 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు కాబట్టి అదనపు ఖర్చు 220 రూపాయలే, కానీ దోమపోటు, అగ్గితెగులు, పడిపోయిన చేను ఆ లెక్కలోకి రావు.

కాబట్టి భాస్వరం తగ్గింపు తీసుకుని, నత్రజని పెంపు పక్కన పెట్టడం మేలు. పైపాటు యూరియాకు ఆకు రంగుల పట్టీ (ఆకుపచ్చ ఛాయలకు నంబర్లు వేసిన పట్టీ) ఈ కార్డు కంటే మంచి సలహాదారు. నాటిన రెండు మూడు వారాల నుంచి వారం పది రోజులకొకసారి, పది కుదుళ్లలో పూర్తిగా విచ్చుకున్న పై ఆకును మన నీడలో పట్టీ పక్కన పెట్టి చూడాలి. చాలా అధిక దిగుబడి రకాలకు 4వ నంబరు హద్దు. పదింట ఆరు ఆకులు అంతకంటే పాలిపోయి ఉంటేనే ఎకరాకు ఓ పాతిక కిలోల యూరియా చల్లాలి.

భాస్వరం పేరుకుపోయిన చోట జింకు గడి కూడా చూడండి, రెండూ కలిసే నడుస్తాయి. భాస్వరం ఎక్కువైతే మొక్క జింకు తీసుకోలేదు. జింకు 0.6 పీపీఎం (కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాములు) లోపుంటే లోపం. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలి, మూడు పంటలకొకసారి చాలు. డీఏపీతో కలిపి చల్లితే రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుని మొక్కకు అందవు. నడుమ కనీసం రెండు మూడు రోజులుండాలి. చేలో లోపం కనిపించాక అయితే లీటరుకు రెండు గ్రాములు కలిపి అయిదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. ఇనుము లోపానికి నేలలో వేసి లాభం లేదు. వేరుశనగలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు అయిదు గ్రాములు, నిమ్మఉప్పు ఒక గ్రాము కలిపి కొట్టాలి. నిమ్మఉప్పు మరిస్తే అన్నభేది తుప్పురంగుకు తిరిగి ఆకుకి పట్టదు. గంధకం 10 పీపీఎం లోపుంటే డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడితే సరి, అందులో 16 శాతం భాస్వరంతో పాటు 11 శాతం గంధకం ఊరికే వస్తుంది.

ఒక రైతు గూట్లో ఉండాల్సిన ఈ కాగితం కోసం దేశం ఎందుకింత ఖర్చు పెడుతోందో కూడా కొంచెం చూడాలి. 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీకి పెట్టింది సుమారు 2.5 లక్షల కోట్ల రూపాయలు. ఎంఓపీ మొత్తం దిగుమతే. భాస్వరానికి కావాల్సిన రాక్ ఫాస్ఫేట్‌లో అధికభాగమూ బయటి నుంచే. అలా కొన్న భాస్వరం మన నేలల్లో పేరుకుపోయి పనికిరాకుండా ఉంటే, పక్క పొలంలో పొటాష్ తరుగుతోంది. 2010 ఏప్రిల్ నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ ఇస్తూ యూరియాను మాత్రం ఆ లెక్కలోకి తేలేదు. దాని ధర అలాగే ఆగిపోయింది, చవకైంది కాబట్టి చెయ్యి దానిమీదికే పోతుంది. కార్డు ఎంత చెప్పినా బస్తా ధర గట్టిగా వేరే మాట చెబుతోంది. జాతీయ ఉత్పాదకత మండలి 2017 అధ్యయనంలో కార్డు ప్రకారం నడిస్తే రసాయన ఎరువులు 8 నుంచి 10 శాతం తగ్గి, దిగుబడి 5, 6 శాతం పెరిగిందని తేలింది. పాటించినవారి లెక్కగానే దాన్ని చదవాలి. కార్డు అందుకున్నవారంతా పాటించలేదు.

ఈ కార్డుల డేటా ఇంకో చోటికీ చేరుతుంది. కేంద్ర గణాంక శాఖ 2018 నుంచి పర్యావరణ ఖాతాలు ప్రచురిస్తోంది, వాటిలో నేల పోషకాల సూచికలకు ఆధారం ఇవే. జాతీయోత్పత్తి లెక్కలో యూరియా తయారీ విలువ కలుస్తుంది, నేలలో తరిగిన పొటాష్ ఎక్కడా తీసివేతకు రాదు. ఆ తీసివేత చేయాలంటే మొదట కొలత కావాలి, కొలత మొదలయ్యేది చేలో 'వి' ఆకారపు గుంట దగ్గరే. నమూనా తీయకుండానే అంకెలు నింపిన కార్డు ఒక రైతుతో పాటు దేశపు ఖాతా పుస్తకాన్ని కూడా తప్పుదోవ పట్టిస్తుంది.

తీసివేతకు ఒక ఉదాహరణ వరిగడ్డి. టన్ను గడ్డిలో 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటుంది, అంటే సుమారు 24 నుంచి 34 కిలోల ఎంఓపీతో సమానం. గడ్డిని మోపులు కట్టించి అమ్మేటప్పుడు ఆ ఎంఓపీ ఖరీదు కూడా ధరలో కలిపి అడగాలి, ఎవరూ అడగరు. కాలిస్తే పొటాష్ బూడిదలో మిగులుతుంది కానీ నత్రజని, కర్బనం పొగలో పోతాయి. ఏటా గడ్డి బయటికి పోయే పొలంలో కార్డు పొటాష్ 'మధ్యస్థం' అన్నా, వరస కార్డుల్లో అంకె దిగుతుంటే ఎంఓపీ ఆపకండి.

ఇప్పుడు కార్డు కావాలంటే తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారిని, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలోని గ్రామ వ్యవసాయ సహాయకుల్ని అడగాలి. మీ గ్రిడ్ ఈ ఏడాది జాబితాలో లేకపోతే జిల్లా భూసార పరీక్షా కేంద్రానికో, కృషి విజ్ఞాన కేంద్రానికో నేరుగా సంచి తీసుకెళ్లొచ్చు. సంచి ఇచ్చినప్పుడు నమూనా నంబరు రాసిన రశీదు తీసుకోండి. పీహెచ్ ఎనిమిదిన్నర దాటే అనుమానం ఉంటే జిప్సం అవసరం పరీక్షను అప్పుడే రాయించండి, తర్వాత అడిగితే మట్టి మళ్లీ తేవాల్సి వస్తుంది. కార్డు వచ్చాక దాని వెనక్కి తిప్పి ఆ ఏడాది వేసిన పంట, బస్తాలు, పెంట బండ్లు, గడ్డి అమ్మారా దున్నారా అన్నది పెన్నుతో రాసి పెట్టుకోండి. మూడేళ్ల తర్వాత వచ్చే కార్డును చదవడానికి కావాల్సింది ఆ రాతే.